అత్తయ్య చదవగలిగే పిలుపు

మా తోడికోడలి పేరు తాక్ బున్నే. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరినడిగినా బుర్ర గోక్కుంటారు. కొరియాలో మా యంగ్యాంగ్ కొండల్లో కోడలిగా వచ్చిన ఆడదానికి పేరుండదు, పుట్టిన ఊరుంటుంది. బున్నే అక్క బాంగోల్లో పుట్టింది కాబట్టి పెళ్ళయినప్పటి నుంచి బాంగోల్ ఆవిడ. నేను పట్నం పిల్లని, తేగు నుంచి వచ్చాను, కాబట్టి తేగు ఆవిడని. మా అత్తయ్య మూసిల్ ఆవిడ. పోస్టుమాన్ గేటు దగ్గర నిలబడి అలాగే కేకేస్తాడు, పోట్లాటలో తిట్టేవాళ్ళూ అలాగే తిడతారు.

నేను ఈ ఇంటికి రెండో కోడలిని. వచ్చిన కొత్తలో అక్కను చూసి, నోట్లో నాలుక లేని మనిషి, ఈవిడతో నాకేం పేచీ ఉండదులే అనుకున్నాను. పేచీ రాలేదు కానీ, నాలుక లేదనుకోవడం మాత్రం నా తెలివితక్కువ. అక్క తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడిన రోజున ఎలా ఉంటుందో తర్వాత చెప్తాను.

అక్క నాన్న కొండవాలు కాల్చి జొన్నా బంగాళాదుంపా పండించేవాడు. నేలలో సత్తువ అయిపోగానే సామాను నెత్తిన పెట్టుకుని ఇంకో కొండకు పోయేవారు. అలాంటి బతుకులో బడి ఎక్కడిది? చేతికి పలక బదులు కొడవలి వచ్చింది. పంతొమ్మిదో ఏట పెళ్ళి చేసి పంపారు. వచ్చిన ఇల్లేమో ఆచారాలకు పేరుపడ్డది. పెరట్లో వరసగా సోయా పులుసు జాడీలు, ప్రతి జాడీ మెడకూ ఒక కాగితం ముక్క, దాని మీద అత్తయ్య చేతిరాత. ఏది ఎప్పుడు పెట్టింది, ఏది రోజువారీకి, ఏది పెద్దల తద్దినాలకు తప్ప ముట్టుకోకూడదు అన్నీ అందులో ఉండేవి.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అత్తయ్య పులుసు తెమ్మంటే, అక్క గబగబా పోయి గిన్నెడు తెచ్చి ఆకుకూరలో పోసేసింది. తీరా చూస్తే అది అత్తయ్య పెళ్ళినాటి నుంచి దాచుకుంటూ వచ్చిన పాత పులుసు. బంగారంలాంటిది, నాలుగు చుక్కలు వాడేది, మామూలు కూరలోకి గిన్నెడు పోయింది. ఇంకో ఇంట్లో అయితే కోడలి వీపు చిట్లిపోయేది. అత్తయ్య మాత్రం కూర రుచి చూసి, కోడలి మొహం చూసి, "ఇవాళ కూర బాగుంది, అందరూ బాగా తినండి" అని ఊరుకుందట. జాడీ మీద కాగితం ఉండి కూడా పిల్ల తప్పు జాడీ తెచ్చిందంటే ఎందుకో ఆవిడకు అర్థమైపోయింది.

మర్నాడు పొద్దున అన్నం ఎసరు పెట్టాక, అత్తయ్య పొయ్యిలోంచి బూడిద ముందుకు లాగి నేల మీద చదునుగా పరిచింది. పక్కనే కొడవలి పెట్టింది.

"ఇదేమిటే?"

"కొడవలండీ అత్తయ్యా."

"కాదు. ఇది మొదటి అక్షరం. చిన్నప్పట్నుంచీ చేత్తో పట్టుకునే తిరుగుతున్నావు, నీకెవరూ చెప్పలేదంతే."

చదువు రానివాళ్ళను మా వైపు, కొడవలి ముందు పెట్టుకుని కూడా మొదటి అక్షరం గుర్తుపట్టలేనివాళ్ళని వెక్కిరిస్తారు. మా కొరియా లిపి హంగుల్లో మొదటి అక్షరం అచ్చం కొడవలిలాగే ఉంటుంది మరి. అందరూ తిట్టడానికి వాడే మాటతో అత్తయ్య పాఠం మొదలుపెట్టింది. నిలువు పుల్ల ఒకటి, అడ్డ పుల్ల ఒకటి, గుండ్రంగా నోరు తెరిస్తే ఒకటి. పొయ్యి కెలికే పుల్లే బలపం. మామయ్య దగ్గు వినిపిస్తే చాలు, అత్తాకోడళ్ళిద్దరూ బూడిద చేత్తో చెరిపేసి ఎసరు వంక చూస్తూ కూర్చునేవారట. కోడలికి రాత వస్తే పుట్టింటికి చాడీలు రాస్తుందని మామయ్య నమ్మకం. ఆయన వంశంలో మగవాళ్ళు చీనా అక్షరాలు నేర్చుకునేవారు. హంగుల్‌ను ఆడరాత అని ఈసడించేవారు. ఆ ఈసడింపే మా ఆడవాళ్ళ పాలిట వరమైంది. విలువలేనిదని వాళ్ళు వదిలేస్తే వంటింట్లో మేం పెంచుకున్నాం.

అక్షరాలన్నీ వచ్చిన రోజున అత్తయ్య బూడిదలో ఒక మాట రాసి చదవమంది. అక్క కూడబలుక్కుని చదివింది. గుమ్ యన్‌సిల్.

"అదెవరండీ?"

"నేనే. ఈ ఇంటికొచ్చాక ఈ పేరు ఎవరూ పలకలేదు. నీకు చెప్తున్నాను, నీ దగ్గరే ఉంచుకో. ఇప్పుడు నీది రాయి."

అక్క తన పేరు తాను రాసుకుని, దాన్ని చెరపడానికి చెయ్యి రాక అలాగే చూస్తూ కూర్చుంది. లోపల మామయ్య దగ్గు వినిపించింది. "చెరిపెయ్యవే పిచ్చిదానా," అంది అత్తయ్య. "మళ్ళీ రాస్తే మళ్ళీ వస్తుంది. అక్షరాలు ఎక్కడికీ పోవు."

ఇవన్నీ అక్క నాకు మిరపకాయలు తొడిమలు తీస్తున్నప్పుడు చెప్పింది. మాది మిరపతోటల ఊరు. ఆ పనిలో చేతులకు తీరిక ఉండదు కానీ నోటికి కావలసినంత తీరిక. చెప్పినప్పుడల్లా చివరికి ఒకే మాట అనేది: "మా అమ్మ పాలిచ్చింది. ఈవిడ కళ్ళిచ్చింది. ఎవరికి ఎక్కువ దండం పెట్టాలో నువ్వే చెప్పు." నేను, "ఇద్దరికీ పెట్టు, నడుం నొప్పికి మందు నేను రాస్తాలే" అనేదాన్ని.

ఆ కళ్ళతో అక్క చాలా చూసింది. అన్‌దోంగ్ సంతకు బస్సు బోర్డు చదువుకుని ఒక్కతే వెళ్ళి, ఒక్కతే వచ్చింది. ఇది గొప్పేమిటని మీకనిపించవచ్చు. అంతకుముందు ఏ బస్సెక్కాలో తెలియక, ఎవరినైనా అడగడానికి సిగ్గుపడి, ఎక్కిన ప్రతివాళ్ళ మొహం చూసి మన ఊరివాళ్ళేనా అని పోల్చుకునేదట. పురుగుమందు డబ్బా మీద రాసింది ఊళ్ళో ఆడవాళ్ళకు చదివి చెప్పేది. పిల్లలకు పాఠం చెప్పింది, మనవరాలితో ఫోన్లో మెసేజీలు నడిపింది. వసంతంలో కొండ మీద అజేలియా పూలతో అట్లు పోసుకుని ఆడవాళ్ళందరూ పాటలు చదువుకునే రోజున, అత్తయ్య తాను కట్టిన పాటను పొడుగాటి కాగితపు చుట్ట విప్పి రాగం తీసి చదువుతుంటే, చుట్ట రెండో కొస అక్క పట్టుకునేది. అత్తయ్య కళ్ళు మసకబారాక చదివే పని అక్కదైంది. మధ్యాహ్నం పూట గుమ్మంలో ఎండకు కూర్చుని అక్క చదువుతుంటే, అత్తయ్య కళ్ళు మూసుకుని, "ఆ మాట సాగదియ్యి, మేకలాగా అరవకు" అని దిద్దేది. తాను నేర్పిన చదువు తన చెవిలో పడుతుంటే ఆ ముసలిమొహంలో ఎంత వెలుగుండేదో నేను చూశాను. అలాంటి అత్తాకోడళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు అసూయగా కూడా ఉండేది, దాచడం దేనికి.

అత్తయ్య పోయినప్పుడు, ఆవిడ కోరుకున్నట్టే ఆ పాటల చుట్ట ఆవిడ పక్కనే పెట్టి పంపాం. ఆవిడ చేతిరాత ఇంట్లో జాడీల మీద తప్ప మిగల్లేదు. వానలకు అదీ పోయింది.

సంవత్సరీకం వచ్చింది. మా తద్దినాల్లో పోయినవాళ్ళ కోసం ఒక తెల్లకాగితం ముక్క మీద పిలుపు రాసి బల్ల మీద నిలబెడతాం. తలుపు కొంచెం తెరిచి ఉంచుతాం. వాళ్ళు వచ్చి, ఆ కాగితం ఉన్నచోట కూర్చుని, పెట్టింది తిని వెళతారు. తర్వాత కాగితం దీపానికి అంటిస్తాం. ఆ పిలుపు చీనా అక్షరాల్లో రాయడం మా చినమామయ్య పని. ఎనభై దాటిన మనిషి, అంతకుముందే పోయిన మామయ్యకు తమ్ముడు, మా వంశానికి ఇప్పుడాయనే పెద్ద. కొత్త సంవత్సరానికే ఆ ఏడాది తద్దినాల కాగితాలన్నీ రాసి, పెట్టెలో పెట్టి అక్క భర్తకు, మా బావగారికి ఇస్తాడు. గొలుసుకట్టుగా, ఒంపులు తిప్పుతూ రాస్తాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చదవడానికి ఆయనొక్కడే ఉన్నాడు. బావగారు చిన్నబడితో ఆపేసిన మనిషి. మా ఆయనా నేనూ చదువుకునే నాటికి బళ్ళో చీనా అక్షరాలు తీసి పక్కన పెట్టేశారు.

సంవత్సరీకం అయ్యాక చినమామయ్య సారా గిన్నె పట్టుకుని నిమ్మళంగా ఉన్న సమయం చూసి, అక్క అడిగింది.

"చినమామయ్యా, అత్తయ్య కాగితంలో ఏం రాశారండీ?"

ఆయనకు సంతోషమేసింది. ఇంతకాలానికి అడిగే దిక్కు దొరికింది. "బోంగ్‌హ్వా గుమ్ వంశపు ఆడపడుచు, మా అమ్మ, ఆమె ఆత్మకు ఆసనం అని మీ ఆయన తరఫున రాశానమ్మా."

"పేరు రాయరా?"

"ఆడవాళ్ళకి వంశం చాలు. పేరెందుకు?"

అక్క ఆప్రాన్ అంచు మడత పెట్టింది, విప్పింది. "అత్తయ్యకు ఆ అక్షరాలు రావండీ. హంగుల్ ఒక్కటే వచ్చు. తలుపు దాకా వచ్చి, ఇదెవరి పిలుపో అనుకుని వెళ్ళిపోతే ఎలాగండీ? వచ్చే ఏడు హంగుల్లో, పేరుతో రాద్దామండీ."

పెళ్ళయి వచ్చాక అక్క ఈ ఇంట్లో నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. చినమామయ్య గిన్నె కింద పెట్టేశాడు.

"పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలుస్తామా? పశువుల్ని పిలిచినట్టు? తాతలనాటి నుంచీ వస్తున్న పద్ధతమ్మా ఇది. నీకు రెండక్షరాలు వచ్చాయని మార్చేస్తామా?"

అక్క "సరేనండి" అని లేచి వంటింట్లోకి వచ్చింది. ముల్లంగి తరగడం మొదలుపెట్టి, కావలసినదానికి రెట్టింపు తరిగింది. నేను చినమామయ్యను నాలుగు కడిగేద్దామని లేస్తే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆయన్నేం అనకు. చిన్నప్పుడు ఆయన్ని వీపున కట్టుకుని మోసింది అత్తయ్య. ఆవిడకి బాధేస్తుంది." ఆ ఏడాదంతా అక్క మాటల్లో ఒకటే దిగులు. అత్తయ్య వచ్చిందో లేదో. ఆకలితో తిరిగి వెళ్ళిందేమో.

రెండో ఏడు తద్దినం నాడు పొద్దుటి నుంచీ మంచు. వెనకపాకలో పెద్ద ఇనపకళాయి కింద నిప్పు వేసి గొడ్డుమాంసం, ముల్లంగి పులుసు కాచాం. చేపలు ఆవిరికి పెట్టాం. చెస్ట్‌నట్లు ఒలిచాం. ఏడాదంతా మిరపకాయ మీద బతికే ఇల్లు మాది, అయినా పోయినవాళ్ళకు మాత్రం చిటికెడు కారం పెట్టకూడదు. పోయాక కూడా పత్యమే. వెనకటిలా అర్ధరాత్రి దాకా ఆగకుండా ఇప్పుడు చీకటి పడగానే కానిచ్చేస్తున్నాం. చినమామయ్య బస్సు మాత్రం రాలేదు.

చూసి చూసి బావగారు మొదలుపెట్టారు. పెట్టె తెరిస్తే అందులో కాగితం ఒక్కటే మిగిలి ఉంది. ఒకటే ఉంటే ఇంక వెతుక్కునేదేముంది? నిలబెట్టారు. అన్నదమ్ములిద్దరూ సారా పోసి, సాష్టాంగపడి లేచి, మళ్ళీ పడుతుండగా చినమామయ్య టోపీ మీద మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. బల్ల వంక చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఒరేయ్, ఇవాళ మీ నాన్ననెందుకు పిలిచార్రా?"

బావగారు లేవబోతూ సగంలో ఆగిపోయారు. "నాన్నేంటి బాబాయ్? అమ్మ కాగితమే కదా."

"నేను రాసింది నాకు తెలీదూ? మీ నాన్నది శరదృతువులో కదరా! మరి అప్పుడేం పెట్టారు?"

శరదృతువులో మామయ్య తద్దినానికి చినమామయ్య జ్వరంతో రాలేదు. పెట్టెలో అప్పుడు కాగితాలు రెండుండేవి. రెండింటికీ పైన ఒకటే అక్షరం, అడుగున ఒకటే ముగింపు. బావగారు పైది తీసి నిలబెట్టి, కాల్చేశారు కూడా. ఇప్పుడాయన ఆ సంగతి చెప్పారు.

"అంటే మీ నాన్న తద్దినానికి మీ అమ్మ, మీ అమ్మ తద్దినానికి మీ నాన్న! బాగుందిరా, భలే ఉంది!"

మా ఆయనకు సమయం సందర్భం ఉండవు. "పోనీ బాబాయ్, మొగుడూ పెళ్ళాలే కదా, వాళ్ళూ వాళ్ళూ సర్దుకుంటారు" అన్నాడు.

"నోర్ముయ్."

వంటింట్లో నేను ఆప్రాన్ నోట్లో కుక్కుకున్నాను. నవ్వు ఆగక కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కకు చూస్తే అక్క కళ్ళలోనూ నీళ్ళున్నాయి, అవి నవ్వువి కావు. "చూశావా, ఇప్పుడు కూడా" అంది. "తలుపు దాకా వచ్చి, నన్ను కాదులే పిలిచింది అనుకుంటుంది." నా నవ్వు ఠక్కున ఆగిపోయింది.

చినమామయ్య కుంచె తెమ్మన్నాడు. సిరా నూరి ఇచ్చారు. చలికి బిగుసుకున్న చెయ్యి, పైగా వయసు వణుకు. మొదటి కాగితం మీద మచ్చ పడింది. రెండోదాని మీద గీత పక్కకు పోయింది. ఇంకోటి నలిపేశాడు. బల్ల మీద అన్నం ఆవిరి తగ్గిపోయింది. పులుసు మీద కొవ్వు గడ్డకడుతోంది. చివరికి కుంచె పక్కన పెట్టి, తన చేతి వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ మనిషి అలా కూర్చోవడం చూసి నాకే జాలేసింది.

అప్పుడు అక్క చేతులు తుడుచుకుని గడప దాటింది. తద్దినం జరిగే గదిలోకి మధ్యలో ఆడవాళ్ళం వెళ్ళం, అక్క వెళ్ళింది. వెళ్ళి, చినమామయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జాకెట్టు మడతలోంచి ఒక కాగితం తీసి రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"నిరుడు మీరు కాదన్నాక రాసుకున్నానండీ. మీరొద్దంటే ఇప్పుడే పొయ్యిలో పెట్టేస్తాను. కానీ ఒక్కసారి చదవండి. పేరు పెట్టి పిలవడం కాదండీ ఇది. ఆవిడ పేరు ఆవిడ చదువుకోడానికి."

చినమామయ్య కళ్ళజోడు తీసి, మంచు తడి తుడిచి, పెట్టుకుని, బళ్ళో పిల్లాడిలా ఒక్కో మాటా విడదీసి పైకి చదివాడు.

"అమ్మా... గుమ్ యన్‌సిల్ గారూ... ఇది మీ చోటు. వచ్చి... కూర్చోండి."

మళ్ళీ పేరు దగ్గరికి వెళ్ళాడు.

"యన్‌సిల్. మా వదిన పేరు ఇదా?"

బావగారు తల ఊపారు. ఆఫీసు కాగితాల్లో చూసి ఉంటారు గానీ అమ్మ పేరు ఆయన నోటితో ఎప్పుడూ అని ఎరగరు.

"పసివాణ్ణి నేను, ఆవిడ ఈ ఇంటికొచ్చేటప్పటికి," అన్నాడు చినమామయ్య. "ఆవిడ వీపు మీదే నిద్రపోయేవాణ్ణి. నేను పిలిచిందల్లా వదినా, వదినా. ఇంత వయసొచ్చింది, పేరు ఇవాళ చదివాను."

చినమామయ్య లేచి, బల్ల మీద ఉన్న కాగితాన్ని తీశాడు. "అన్నయ్యా, ఇవాళ నీది కాదు, పిల్లలు పొరపడ్డారు. కాస్త వెళ్ళిరా" అని దాన్ని మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. అక్క రాసినదాన్ని తన చేత్తోనే నిలబెట్టాడు. మంచు లోపలికి కొడుతున్నా తలుపు బార్లా తెరిపించాడు. అన్నం, పులుసు వేడివి మళ్ళీ వడ్డించమన్నాడు. నేను పరుగెత్తి తెచ్చాను.

అక్క వెనక్కి జరగబోతే, "నువ్వెక్కడికి, పెద్దకోడలా?" అన్నాడు. "పిలిచింది నువ్వు. మొదటి గిన్నె నువ్వే పొయ్యి."

ఆ ఇంట్లో తద్దినానికి ఆడమనిషి మొదటి గిన్నె పోయడం నేను చూడటం అదే మొదలు. అక్క ఒక్క చుక్క కింద పడకుండా పోసింది. వంగి దండం పెట్టి, తల నేలకానించి, చాలాసేపు లేవలేదు. ఏమని చెప్పుకుందో నేనడగలేదు. అడక్కుండానే తెలిసే మాటలు కొన్నుంటాయి.

అంతా అయ్యాక కాగితం కాల్చే వేళ వచ్చింది. చినమామయ్య దాన్ని దీపం దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"దాచుకుంటావా అమ్మా?"

"వద్దండీ, కాల్చేయండి," అంది అక్క. "మళ్ళీ రాస్తే మళ్ళీ వస్తుంది. అక్షరాలు ఎక్కడికీ పోవని అత్తయ్య చెప్పింది."

కాగితం భగ్గున మండి, నల్లటి రేకై, పైకి లేచి రాలింది. చినమామయ్య చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో మళ్ళీ ఆగాడు. "నాకు కూడా నువ్వే రాయమ్మా, సమయం వచ్చినప్పుడు. కళ్ళు పూర్తిగా పోయేలా ఉన్నాయి, కాస్త పెద్దక్షరాలతో రాయి." అక్క, "మీకిప్పుడే ఏం తొందరండీ, ముందు వచ్చే ఏడు బస్సు దొరకబుచ్చుకోండి" అంది. చెప్పానుగా, మాట్లాడిన రోజున అలా ఉంటుంది.

గిన్నెలన్నీ కడిగి వెనకపాకలో నిప్పు దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాం. ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, వచ్చిందంటావా అత్తయ్య?"

"రాకేం? వచ్చింది, కడుపునిండా తింది." అక్క మొహం నిప్పు వెలుగులో విప్పారి ఉంది. "వచ్చీ రాగానే తిట్టింది కూడా. నా పేరులో చివరి అక్షరం తోక వంకరపోయింది, చూసుకోవద్దుటే అని."

అని, పొయ్యిలోంచి కాస్త బూడిద ముందుకు లాగి, చేత్తో చదును చేసింది. పొయ్యి పుల్ల తీసుకుని అత్తయ్య పేరు మళ్ళీ రాసింది. చివరి అక్షరం దగ్గర నిదానించి, తోక జాగ్రత్తగా తిప్పి, తల పక్కకు వంచి చూసుకుంది.

"ఈసారి బాగొచ్చింది" అంది.